పాత ఇంట్లో ట్యాంకు వాల్వ్ కారుతుంటే మనమే మార్చుకోవడం ఎలా

పాత డాబా ఇళ్లలో ఉండేవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే, మేడ మీద ట్యాంకు కింద గేట్ వాల్వ్ (చక్రం తిప్పి మూసేది) దగ్గర నీళ్లు కారుతున్నాయి, ప్లంబర్‌కి ఫోన్ చేస్తే రేపొస్తా ఎల్లుండొస్తా అంటున్నాడు, మనమే మార్చుకోవచ్చా అని. మార్చుకోవచ్చు. వాల్వ్ మార్చడం పెద్ద విద్యేం కాదు. కాకపోతే పాత ఇంట్లో అసలు తలనొప్పి వాల్వ్ కాదు, దాని పక్కన ముప్పై నలభై ఏళ్లుగా ఎండకి ఎండి వానకి తడిసిన జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనప పైపు. వాల్వ్ విప్పబోయి పైపు విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ. అందుకే కింద వాల్వ్ గురించి తక్కువ, పైపుని కాపాడుకోవడం గురించి ఎక్కువ ఉంటుంది.

ఇదంతా ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే లైన్ మీద బయటికి కనిపించే వాల్వ్ గురించి మాత్రమే. గోడలో కూర్చున్న కన్సీల్డ్ వాల్వ్ అయితే టైల్స్ పగలగొట్టాలి, అది వేరే పని, మనిషిని పిలవండి. అలాగే రోడ్డు పక్కన మీటర్‌కి ముందున్న వాల్వ్ మనది కాదు, దాన్ని ముట్టుకోవద్దు. హైదరాబాద్‌లో అయితే జలమండలి నంబర్ 155313కి చెప్పండి, ఆంధ్రా టౌన్లలో అయితే మున్సిపల్ ఆఫీసులో కంప్లైంట్ ఇవ్వండి.

ముందు ఎక్కడ కారుతుందో తేల్చుకోండి

పొడి గుడ్డతో వాల్వ్, దాని అటూ ఇటూ పైపు అంతా శుభ్రంగా తుడిచి, ఆరాక కొంచెం మొహానికి రాసుకునే పౌడర్ చల్లండి. పది నిమిషాల తర్వాత ఎక్కడ మొదట తడి గీత కనిపిస్తుందో అదే లీక్. నీళ్లు ఎప్పుడూ కిందికి జారి ఇంకెక్కడో బొట్లు బొట్లుగా పడతాయి కాబట్టి బొట్టు పడేచోటుని చూసి మోసపోవద్దు.

చక్రం కింద కాడ దగ్గర తడి వస్తుంటే అది గ్లాండ్ లీక్. దీనికి వాల్వ్ మార్చక్కర్లేదు. కాడ చుట్టూ ఉన్న నట్టుని పానాతో పావు చుట్టు కుడివైపుకి బిగించి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ట్యాంకు ఖాళీ చేసినప్పుడు ఆ నట్టు విప్పి లోపల కొత్త గ్లాండ్ తాడు రెండు మూడు చుట్లు చుట్టి మళ్లీ బిగించాలి. తాడు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, పని అరగంట కూడా పట్టదు. మరీ గట్టిగా బిగిస్తే చక్రం తిరగదు, తిరిగేంత బిగువు చాలు.

పైపు వాల్వ్‌లోకి దిగే మరల దగ్గర తడి వస్తుంటే, లేదా వాల్వ్ బాడీ మీదే సన్నగా పగులు ఉంటే విప్పాల్సిందే. ఇంకోటి ఉంది, చక్రం తిప్పుతుంటే తిరుగుతూనే ఉంటుంది కానీ నీళ్లు ఆగవు. లోపల గేటు కాడ నుంచి ఊడిపోయిందన్నమాట. బోరు నీళ్ల ఇళ్లలో తెల్ల గార పట్టి గేటు మొత్తం కిందికి దిగకపోవడం కూడా మామూలే. ఎలాగైనా మూసేద్దామని చక్రంలో ఇనప రాడ్డు పెట్టి తిప్పేవాళ్లున్నారు, అలా చేస్తే కాడ విరిగి చేతికొస్తుంది, ఇంక అప్పుడు తీరిగ్గా చేసుకునే పని కాస్తా అర్జెంటు పని అవుతుంది.

పైనుంచి ఎం సీల్ పూస్తే సరిపోదా అని తప్పకుండా అడుగుతారు. తుప్పు మీద, తడి మీద అది నిలబడదు. వారం గడిపేయడానికి పనికొస్తుందేమో, అంతే.

సైజు ఎలా తెలుసుకోవాలి

పాత వాల్వ్ మీద అంకె అరిగిపోయి ఉంటుంది. పైపు చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి స్కేల్ మీద కొలవండి. జీఐ పైపు అయితే 6.7 సెంటీమీటర్లు వస్తే అర ఇంచు, 8.4 దగ్గర్లో వస్తే ముప్పావు, 10.6 వస్తే ఇంచు, 13.3 వస్తే ఇంచుంపావు, 15.2 వస్తే ఇంచున్నర. రంగులు పూసి పూసి ఉంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ రావొచ్చు. ఫోన్‌లో ఫోటో కూడా తీసుకుని షాపుకి వెళ్లండి, అటూ ఇటూ ఏ ఫిట్టింగ్ ఉందో కనిపించేలా.

కావాల్సినవి

- అదే సైజు ఇత్తడి బాల్ వాల్వ్. గేట్ వాల్వే కావాలంటే ఐఎస్ 778 అని ఐఎస్ఐ మార్క్ ఉన్నది అడగండి. నా మటుకు ట్యాంకు కింద బాల్ వాల్వే మేలు, పావు తిప్పితే మూసుకుంటుంది, మూసిందో తెరిచిందో హ్యాండిల్ చూస్తేనే తెలుస్తుంది. కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి, తేలిగ్గా అనిపిస్తే వద్దు. వాల్వ్ బాడీకి అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి కాదు. గోడకి దగ్గరగా ఉంటే పొడుగు హ్యాండిల్ తిరగదు, పొట్టి హ్యాండిల్ది తీసుకోండి.
- ఒక యూనియన్ (లైన్‌ని విడదీసి కలిపే మూడు ముక్కల ఫిట్టింగ్), రెండు మూడు పొడవుల్లో నిపుల్స్ (రెండు చివర్లా మరలున్న పొట్టి పైపు ముక్కలు). వాడనివి వెనక్కి ఇస్తానని షాపతనితో ముందే మాట్లాడుకోండి.
- అదే సైజువి ఎండ్ ప్లగ్ ఒకటి, ఎండ్ క్యాప్ ఒకటి. ఇది ఎవరూ కొనరు, నన్నడిగితే లిస్టులో మొట్టమొదట ఇదే ఉండాలి. మధ్యలో ఏదైనా విరిగితే దీంతో మూసేసి, ట్యాంకుకున్న మిగతా లైన్లయినా నడుపుకోవచ్చు.
- పైపు రెంచీలు రెండు. ఒకటి కాదు, రెండు. ఇంచు పైపు వరకు 14 ఇంచులవి చాలు, పక్కింట్లో ఉంటే అడిగి తెచ్చుకోండి.
- టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్టలు, కొంచెం జనపనార, దానికి పూసే తెల్ల పేస్టు.
- హ్యాక్సా బ్లేడు ఫ్రేముతో సహా, వైరు బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే లేకపోతే కిరసనాయిలు, టార్చి, కరెంట్ టెస్టర్, పాత గుడ్డలు, బకెట్.

ఇక పని

1. ఆదివారం మొదలుపెట్టొద్దు. సాయంత్రం అసలు వద్దు. ఏదో ఒక నిపుల్ తక్కువ పడుతుంది, తప్పకుండా పడుతుంది, అప్పుడు షాపు తెరిచి ఉండాలి. పొద్దున్నే బకెట్లు, డ్రమ్ములు, వంటకి తాగడానికి నీళ్లు పట్టి పక్కన పెట్టుకోండి. ముందు రోజు రాత్రే విప్పాల్సిన మరలన్నిటి మీద స్ప్రేనో కిరసనాయిలో కొట్టి వదిలేయండి, అది లోపలికి దిగడానికి టైము కావాలి, అప్పటికప్పుడు కొట్టి తిప్పితే కొట్టినట్టే ఉండదు.

2. మోటారు ఎంసీబీ (కరెంటు బోర్డులో ఉండే బ్రేకర్) ఆఫ్ చేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఎందుకంటే ఆటోమేటిక్ కంట్రోలర్ ఉన్న ఇళ్లలో ట్యాంకు ఖాళీ అవగానే సెన్సార్ చూసుకుని మోటారు దానంతటదే ఆన్ అవుతుంది, మీరు పైపు విప్పి పట్టుకుని ఉంటే పైనుంచి నీళ్లు. గీజర్ కూడా ఆఫ్ చేయండి. తర్వాత పైపుని ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టి చూడండి. ఇది చాదస్తం కాదండీ. పాత ఇళ్లలో చాలాచోట్ల ఎర్త్ వైరు తీసుకెళ్లి జీఐ నీళ్ల పైపుకే చుట్టేసేవాళ్లు. ఇంట్లో ఏ ఫ్రిజ్జులోనో గీజర్‌లోనో కరెంటు లీక్ అవుతుంటే అది పైపులోకే వస్తుంది. టెస్టర్ వెలిగితే పని ఆపి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వెలగకపోయినా పైపుకి ఎక్కడైనా వైరు చుట్టి ఉందేమో చూడండి, ఉంటే ఆ సంగతి 9వ స్టెప్‌లో పనికొస్తుంది.

3. ట్యాంకు ఖాళీ చేయండి. ముందు రోజు నుంచే మోటారు వేయకుండా వాడేస్తే నీళ్లు వృథా కావు, దుప్పట్లు పరదాలు ఉతికేసుకోండి. అవుట్‌లెట్ అడుక్కంటే రెండు మూడు ఇంచులు పైన ఉంటుంది కాబట్టి కింద కొంచెం బురద నీళ్లు మిగులుతాయి, వాటిని కూడా తోడేసి ట్యాంకు కడిగేసుకుంటే ఒక పని అయిపోతుంది. ఖాళీ చేయడం కుదరదంటే ట్యాంకు లోపలి నుంచి అవుట్‌లెట్‌లో గుడ్డ చుట్టిన బిరడా గట్టిగా దూర్చి ఆపొచ్చు, కానీ దానికి తాడు కట్టి పైకి కట్టేయండి, లేకపోతే పైపులోకి జారిపోయి ఇంకో కథ మొదలవుతుంది. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, అది బిరడా మీద ఆధారపడి ఉంది అని గుర్తుపెట్టుకుని చేయండి, నేనైతే ఖాళీ చేయమనే చెప్తా. చివరగా ఇంట్లో అన్నిటికంటే కిందున్న కుళాయి, నల్లా, ఏదంటే అది తిప్పి లైన్‌లో నీళ్లు పోనివ్వండి.

4. యూనియన్ ఎక్కడుందో వెతకండి. వాల్వ్ కింద, మెట్ల పక్కన, ఎక్కడో ఒకచోట పెద్ద నట్టుతో మూడు ముక్కల ఫిట్టింగ్ ఉంటుంది. ఉంటే మీ అదృష్టం, ఒక రెంచీతో పైపుని కదలకుండా పట్టుకుని రెండోదాంతో ఆ పెద్ద నట్టు విప్పితే లైన్ రెండుగా విడిపోతుంది. జీఐ లైన్‌లో యూనియన్ విప్పకుండా మధ్యలో వాల్వ్‌ని తిప్పి తీయలేం, ఒకవైపు విప్పుతుంటే రెండోవైపు బిగుసుకుంటుంది.

   యూనియన్ లేకపోతే కోయాలి. ఎక్కడ కోయాలన్నదే ముఖ్యం. ట్యాంకు వైపు ఎప్పుడూ కోయొద్దు. ఇంట్లోకి వెళ్లేవైపు, వాల్వ్ నుంచి జానెడు పైపు వదిలి కోయండి. ఆ జానెడు ముక్క వాల్వ్‌తో పాటే తిరిగి వచ్చేస్తుంది. కోసేటప్పుడు పైపు ఊగకుండా ఎవరినైనా పట్టుకోమనండి, ఆ ఊపు పక్కనున్న ఎల్బో (పైపు మూల తిరిగేచోట ఉండే ఫిట్టింగ్) మరల్ని విరిచేస్తుంది.

5. వాల్వ్ విప్పడం. చెప్పిందే మళ్లీ చెప్తున్నా, రెండు రెంచీలు. ఒకటి ట్యాంకు నుంచి వచ్చే నిపుల్‌ని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది వాల్వ్‌ని తిప్పడానికి. వాల్వ్‌ని కూడా మధ్య బాడీ మీద కాదు, నిపుల్ దిగే వైపు ఆరు మూలల భాగం మీద పట్టాలి. మీ వైపు నుంచి ట్యాంకు వైపు చూస్తూ గడియారం ముల్లు తిరిగేదానికి ఎదురుగా తిప్పండి. కుదుపులు వద్దు, నెమ్మదిగా బరువు పెంచుతూ.

   పాత ఇటుక ట్యాంకు, సిమెంటు ట్యాంకు అయితే ఆ నిపుల్ గోడలోనే పెట్టి కట్టేసి ఉంటుంది. అది ఒక్క వెంట్రుక తిరిగినా సిమెంటు పట్టు వదిలేసి ఇక అక్కడి నుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, వాల్వ్ లీక్ పోయి ట్యాంకు లీక్ వస్తుంది. అందుకని నిపుల్‌కి గోడకి అడ్డంగా పెన్సిల్‌తో ఒక గీత గీయండి. తిప్పేటప్పుడు గీత కలిసే ఉండాలి. గీత తప్పుతోందంటే వెంటనే ఆపేయండి.

   రాకపోతే చిన్న సుత్తితో వాల్వ్ అంచు చుట్టూ మెల్లగా తట్టి, మళ్లీ కిరసనాయిలు వేసి, టీ తాగి రండి. బ్లో ల్యాంపుతో వేడి చేస్తారు కొందరు, పక్కన ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే దాని జోలికే పోవద్దు, ఇప్పుడే కిరసనాయిలు పోసిన చోట అసలే వద్దు.

   ఎంతకీ రాకపోతే ఒక దారి ఉంది, చాలామందికి తట్టదు. పాత వాల్వ్‌ని అక్కడే పూర్తిగా తెరిచి వదిలేయండి, కావాలంటే గ్లాండ్ తాడు మార్చండి, దాని కింద ఇంటివైపు కొత్త బాల్ వాల్వ్ పెట్టుకోండి. పాత వాల్వ్ బాడీ పగలనంతవరకు, ట్యాంకు వైపు మరలు కారనంతవరకు ఇది హాయిగా నడుస్తుంది. చూడ్డానికి రెండు వాల్వ్‌లు పక్కపక్కన ఉండి బాగోదంటారా, మేడ మీద ఎవరు చూడొచ్చారు.

6. మరలు చూడండి. వైరు బ్రష్‌తో పాత టేపు, నార, తుప్పు అంతా పోయేలా రుద్దండి. మరలు పదునుగా కనిపించాలి. స్క్రూడ్రైవర్ మొనతో మరల మొదట్లో, అంటే పైపు పల్చగా అయ్యేచోట నొక్కి చూడండి, దిగబడితే ఆ నిపుల్ అయిపోయింది, దానికి కొత్త వాల్వ్ బిగించినా నెలల్లో అక్కడే విరుగుతుంది. టార్చి వేసి లోపల కూడా చూడండి. ముప్పావు పైపులో గార పట్టి పెన్సిలు దూరేంత బొక్కే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి, అలా ఉంటే వాల్వ్ మార్చాక ఫోర్స్ పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, లైన్ మార్చే ఖర్చు గురించి ఆలోచించుకోండి.

7. టేపు చుట్టడం. పైపు మొన మీ వైపు పెట్టుకుని చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, లాగి పట్టుకుని. రివర్స్‌లో చుడితే వాల్వ్ ఎక్కించేకొద్దీ టేపు ఊడి ముద్దగా బయటికొస్తుంది. మొదటి మర వదిలేసి రెండో మర నుంచి చుట్టండి, లేకపోతే టేపు తోకలు లోపల వేలాడి తర్వాత షవర్‌లో తేలతాయి. మామూలు పల్చటి టేపు అయితే పది పన్నెండు చుట్లు. పాత అరిగిన మరలకి జనపనార, పేస్టే గట్టిగా పడుతుంది. కానీ ప్లాస్టిక్ ఫిట్టింగ్‌లోకి నార వాడొద్దు, అది నీళ్లకి ఉబ్బి ఫిట్టింగ్‌ని చీల్చేస్తుంది.

8. వాల్వ్ ఎక్కించడం. మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కాలి. ఎక్కకపోతే అడ్డంగా పట్టిందని, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. తర్వాత రెంచీతో ఒకటిన్నర, రెండు చుట్లు, నిపుల్‌ని ఇక్కడ కూడా రెండో రెంచీతో పట్టుకునే. ట్యాంకు కిందే ఉన్న వాల్వ్ మీద పెద్ద ప్రెషర్ ఏం ఉండదు, 10 మీటర్ల నీళ్ల ఎత్తుకి ఒక బార్ అనుకుంటే మనది అందులో పదోవంతు కొంచెం అటూ ఇటూ. కాబట్టి మీద కూర్చుని బిగించక్కర్లేదు. హ్యాండిల్ ఏ వైపుకి రావాలో ముందే చూసుకోండి, ఎందుకంటే దాటిపోయాక వెనక్కి తిప్పితే సీల్ పోతుంది, మళ్లీ విప్పి కొత్త టేపు చుట్టాల్సిందే. బాల్ వాల్వ్‌ని ఏ వైపు నుంచైనా పెట్టొచ్చు. గేట్ వాల్వ్ అయితే చక్రం కిందికి వేలాడేలా మాత్రం పెట్టొద్దు, మట్టంతా అందులో చేరుతుంది.

9. లైన్ కలపడం. యూనియన్ ఉంటే దాని ముఖాలు తుడిచి, వాషర్ ఉన్న రకమైతే కొత్తది వేసి బిగించేయండి. కోసిన లైన్ అయితే రెండు దారులు. మిగిలిన ముక్కని తర్వాతి ఎల్బో దగ్గర విప్పి తీసుకెళ్లి షాపులో మరలు కోయించి, కొత్త యూనియన్‌తో కలపడం ఒకటి. ఎల్బో విప్పితే అది విరుగుతుందేమో అని భయంగా ఉంటే ప్లంబర్‌ని మరలు కోసే డై సెట్ తెమ్మని అక్కడే కోయించుకోండి, ఆ ఒక్క పనికే కాబట్టి తొందరగానే అయిపోతుంది. రెండోది, వాల్వ్ నుంచి ఎల్బో వరకు ముక్కని యూపీవీసీ ప్లాస్టిక్ పైపు చేసేయడం, దానికి ఇత్తడి మరలున్న ఎంటీఏ ఎఫ్‌టీఏలు (ప్లాస్టిక్ పైపుని మరలతో కలిపే బయటి మర, లోపలి మర ఫిట్టింగ్‌లు) అడగండి, ఉత్త ప్లాస్టిక్‌వి బిగిస్తుండగానే పగులుతాయి. మరల పని అంతా అయ్యాకే సొల్యూషన్ (ప్లాస్టిక్ పైపు జిగురు) పూసి అతికించండి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి, తొందరపడి నీళ్లు వదిలితే జాయింట్ ఊడి చేతికొస్తుంది. సీపీవీసీ పైపు ఎండలో పెళుసెక్కుతుంది, అదే వాడితే రంగు వేయండి.

   పైపుకి ఎర్త్ వైరు ఉందని ఇందాక చూశారుగా. మధ్యలో ప్లాస్టిక్ ముక్క పడితే ఆ ఎర్త్ తెగిపోయినట్టే, ఇంటికి వేరే ఎర్త్ గుంట వేయించుకునేదాకా ఈ దారి వద్దు.

10. నీళ్లు వదలడం. ముందు వాషింగ్ మెషీన్, వాటర్ ఫిల్టర్, గీజర్ యాంగిల్ కాక్‌లు మూసేయండి. పాత పైపుని కదిపాక ఎర్ర నీళ్లు, తుప్పు పొలుసులు వస్తాయి, అవి వెళ్లి వీటి జాలీల్లో ఇరుక్కుంటాయి. ట్యాంకులో జానెడు నీళ్లు పట్టి, వాల్వ్ సగం తెరిచి, కింద పెరట్లో కుళాయి వదిలి నీళ్లు తేటగా వచ్చేదాకా పోనివ్వండి. బుస్సుమని గాలి వచ్చి నీళ్లు ఆగిపోతే ఎయిర్ పట్టిందన్నమాట, అన్నిటికంటే కిందున్న కుళాయిలు తెరిచే ఉంచి కాసేపు వదిలేస్తే తోసుకొచ్చేస్తుంది. గీజర్‌లో నీళ్లు నిండి వేడినీళ్ల కుళాయి నుంచి ధారగా వచ్చాకే దాని స్విచ్ వేయండి.

సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది

జానెడు నీళ్లతోనే మొదటి పరీక్ష చేయండి, ట్యాంకు నింపేశాక లీక్ కనిపిస్తే మళ్లీ అంతా ఖాళీ చేయాలి. జాయింట్లు పొడిగా తుడిచి, ఒక్కోదానికి న్యూస్ పేపర్ ముక్క చుట్టి అరగంట ఆగండి. పేపర్ మీద చిన్న తడి మచ్చ అయినా తెలిసిపోతుంది. తర్వాత ట్యాంకు నింపి, రాత్రంతా ఉంచి, పొద్దున పేపర్ మార్చి మళ్లీ చూడండి. ప్రెషర్ తక్కువ కాబట్టి చిన్న లీక్ బయటపడటానికి గంటలు పడుతుంది, పది నిమిషాలు చూసి బాగుందని కిందికి దిగిపోవద్దు. నార వేసిన జాయింట్ మొదట్లో కొంచెం చెమర్చి, నార ఉబ్బాక తనే ఆగిపోవచ్చు, ఒక రోజు చూడండి. టేపు వేసింది మాత్రం చెమర్చిందంటే ఆగదు, విప్పాల్సిందే.

వాల్వ్ మూసి కింద కుళాయి తెరవండి. పైపులో మిగిలిన నీళ్లు పోయాక ధార పూర్తిగా ఆగాలి. కొత్త బాల్ వాల్వ్ అయ్యుండి ఇంకా సన్నగా వస్తుంటే వెనక్కి ఇచ్చేయండి, అందుకే బిల్లు దాచుకోమనేది.

ఇంకో చోట కూడా చూడండి, ఇది అందరూ మర్చిపోతారు. మీరు పనిచేసిన జాయింట్ కాదు, దానికి ఒకటి రెండు ఫిట్టింగ్‌ల అవతల. రెంచీ పట్టిన ఊపు అక్కడికి పాకి, అక్కడి పాత మరలు వదులైపోతాయి. గోడలోకి దిగే పైపు అయితే కింద బాత్రూం గోడ మీద చెమ్మ మచ్చ కొత్తగా వస్తుందేమో వారం పాటు గమనించండి.

బాల్ వాల్వ్‌ని కూడా నెలకోసారి మూసి తెరుస్తూ ఉండండి, బోరు నీళ్లయితే మరీను, అలా వదిలేస్తే గార పట్టి అదీ బిగుసుకుపోతుంది. పాత వాల్వ్ ఇత్తడిదైతే పారేయకండి, పాత సామాన్ల షాపులో కిలోల లెక్కన కొంటారు, అప్పటి గేట్ వాల్వ్‌లు మంచి బరువుంటాయి.